ఒక్క తలస్నానంతో పోయే రంగు

నా పది వేళ్లకీ పది రంగులు ఉండటం చూసి మధురానగర్‌లో కూరగాయలమ్మే ఆవిడ ఒకసారి, "ఏమన్న మొక్కా అమ్మా?" అని అడిగింది. కాదు, ఉద్యోగం అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అందులో ఆవిడ తప్పేమీ లేదు, మా అమ్మే ఇప్పటికీ సరిగ్గా నమ్మదు. బంధువులతో "మా అమ్మాయి హైదరాబాదులో రాసే ఉద్యోగం చేస్తోంది" అంటుంది తప్ప, మా అమ్మాయి జూబ్లీహిల్స్‌లో కూర్చుని పొద్దస్తమానం తలకి షాంపూలు రుద్దుకుంటుందని పొరపాటున కూడా చెప్పదు.

నిజానికి చేసేది అదే. ఒక కాఫీ షాపు పై అంతస్తులో మా ఆఫీసు. ఆడవాళ్ల కోసం తెలుగులో నడిచే చిన్న వెబ్‌సైట్. కంపెనీలు పంపే జుట్టు నూనెలు, షాంపూలు, గోళ్ల రంగులు, గోళ్లు విరగకుండా పూసుకునే మందులు అన్నీ అట్టపెట్టెల్లో వచ్చి నా బల్ల కింద చేరతాయి. వాటిని నా మీద నేనే ప్రయోగించుకుని, వారం తర్వాత ఏమైందో రాయాలి. పాపిడికి ఎడమవైపు ఒక నూనె, కుడివైపు ఇంకొకటి. కుడిచేతి గోళ్లకి ఒక కంపెనీ, ఎడమచేతి గోళ్లకి మరొకటి. గిన్నెలు తోమేటప్పుడు కూడా ఏ చేతి రంగు ముందు పెచ్చులు లేస్తుందా అని చూసుకుంటూ తోమేదాన్ని.

ఉల్లిపాయ నూనె పరీక్ష చేసిన వారం బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. గోళ్లు ఉక్కులా గట్టిపడతాయన్న మందు నిజంగానే గట్టిపరిచింది, పప్పన్నం కలుపుకుంటుంటే చూపుడువేలి గోరు టప్పున విరిగి కంచంలో పడింది. జుట్టు సాఫీగా చేసే క్రీము ఒకటి ఎంత సాఫీగా చేసిందంటే క్లిప్పు పెడితే నిలిచేది కాదు, జారి కింద పడేది. ఇవన్నీ రాస్తే మా ఎడిటరమ్మకి నచ్చేది కాదు. "నెగెటివ్‌గా వద్దండీ, జుట్టు తీరును బట్టి ఫలితం మారవచ్చు అని చివర్లో ఒక లైన్ పెట్టేయండి" అనేది. నాకు ఒళ్లు మండేది. జుట్టు తీరును బట్టి అంతా మారేటట్టయితే నన్ను ఎందుకు పెట్టుకున్నట్టు? అందుకని మొండికేసి, ప్రతి వ్యాసం చివరా "నేను స్వయంగా పరీక్షించాను" అని రాసుకునేదాన్ని. ఆ రెండు మూడు మాటల మీద నాకు ఉన్న గర్వం అంతా ఇంతా కాదు.

నేనుండేది యూసుఫ్‌గూడలో. మా వాటా పైన, మేడ మీద ఒంటిగదిలో ఒకావిడ ఉండేది. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను చెల్లె అంటుంది. ఇరవై ఏళ్లకు పైగా జూనియర్ ఆర్టిస్టు. అంటే సినిమాల్లో పెళ్లి జరిగితే వెనక వరసలో అక్షింతలు వేసే మనిషి, గుళ్లో హీరోయిన్ పాట పాడితే చప్పట్లు కొట్టే మనిషి, కోర్టులో తీర్పు వింటూ కొంగుతో కళ్లు ఒత్తుకునే మనిషి. ముప్పై ఏళ్లు నిండేసరికే ఆవిడ జుట్టు తెల్లబడటం మొదలైందట, నలభైకి మొత్తం పాలలా అయిపోయింది. మొదట్లో ఏడ్చిందట. తర్వాత ఎవరో మేనేజరు, నల్లజుట్టుకి తెల్లరంగు పూస్తే లైట్ల కింద పిండి చల్లినట్టు కనిపిస్తుందనీ, నిజమైన తెల్లజుట్టు ఉన్నవాళ్లని వెతుక్కుంటున్నామనీ చెప్పాక ఏడవడం మానేసింది.

ఆ జుట్టు మీదే చివరికి ఒక టీవీ సీరియల్లో బామ్మ వేషం వచ్చింది. మాటలున్న వేషం. పేర్లు పడేటప్పుడు ఆవిడ పేరు కూడా పడుతుంది. అప్పటికి ఆవిడ వయసు యాభై మూడు. తెర మీద డెబ్బై అయిదేళ్ల బామ్మ.

మా స్నేహం మొదలైంది ఆ మాటల వల్లే. సీరియల్లో వాళ్లది గోదావరి జిల్లా కుటుంబం, నాదీ అటువైపే. సాయంత్రం ఆరయ్యేసరికి డైలాగు కాయితాలు పట్టుకుని దిగొచ్చేది.

"వచ్చిండు కాదక్కా, వచ్చాడు."

"వచ్చాడు. గిదేం మాట చెల్లె, నోట్లె వేడి అన్నం వెట్టుకున్నట్టు."

అలా అంటూనే నేర్చేసుకునేది. కెమెరా ముందు అంత చక్కగా "ఏంటమ్మా, అలా ఉన్నావేం" అన్న మనిషి, ఇంటికి రాగానే "ఏందే గట్లున్నవ్" అంటుంటే నాకు నవ్వొచ్చేది. నాకు టీ తెచ్చిచ్చి నా గోళ్లు చూసి, "ఇయ్యాల ఎన్ని రంగులేసిన్రు?" అని వెక్కిరించేది.

ఆ శ్రావణమాసంలో మా ఆఫీసుకి ఒక కొత్త డబ్బా వచ్చింది. మూత నొక్కితే నల్లటి నురగ వస్తుంది. జుట్టుకి పట్టించి ఆరబెట్టుకుంటే ఆ ఒక్కరోజుకీ నల్లరంగు, మర్నాడు ఒక్క తలస్నానంతో పోతుంది. పెళ్లిళ్ల కాలానికి తయారు చేశారు. నేను పద్ధతిగా తలకి ఎడమవైపు పట్టించుకున్నాను. కుడివైపు వదిలేశాను. మర్నాడు తల రుద్దుకుంటే మొదట నల్లటి నీళ్లు పోయాయి, తర్వాత తేట నీళ్లు వచ్చాయి. తువ్వాలుకి మరక అంటలేదు. అద్దంలో చూసుకుంటే ఎడమకీ కుడికీ వెంట్రుకవాసి తేడా లేదు. "ఒక్క తలస్నానంతో పూర్తిగా పోతుంది" అని రాసి, నా మాటలు నేను చివర్లో తగిలించి పంపేశాను.

మిగిలిన డబ్బా అట్టపెట్టెతో సహా ఇంటికి తెచ్చుకున్నాను. సాయంత్రం అక్క అది చేతిలోకి తీసుకుని, "ఇదేంది?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ డైలాగు కాయితాలు పక్కన పెట్టేసింది.

"మా అక్క బిడ్డ పెండ్లి ఉంది చెల్లె. టోలిచౌకిల ఫంక్షన్ హాల్ల. మా అక్క నాకంటె నాలుగేండ్లు పెద్దది. నెల నెలా రంగేసుకుంటది. యాడికి వోయినా దాన్ని అడుగుతరు, ఈమె మీ అమ్మనా అని. అది నవ్వుతది. నేను గూడ నవ్వుత."

"మీరెప్పుడూ వేసుకోలేదా?"

"ఎట్ల వేసుకుంట? గీ తెల్లతలకాయనే కదా అన్నం వెడ్తున్నది. ఒక్కపారి గూడ వేసుకోలే."

షూటింగ్ ఎప్పుడని అడిగాను. పెళ్లయిన నాలుగు రోజులకి అంది. సీరియల్లో బామ్మ సొంతూరికి వెళ్తున్నానని బయల్దేరే సీను వరకూ తీశారు, తిరిగి రావడం ఆ రోజు తీస్తారు.

"కడిగితే పోతదా చెల్లె? ఖాయమేనా? బామ్మ తలకాయ జర మారినా నన్ను తీసేస్తరు. ఇంకో ఆమెను వెట్టి, ఇగనుంచి బామ్మగా ఈమె అని ఒక అట్ట చూపిస్తరు. గంతే."

సీరియళ్లలో అది మామూలే. నేనూ చూశాను. అయినా క్షణం కూడా ఆలోచించలేదు.

"అక్కా, నేను స్వయంగా పరీక్షించాను" అన్నాను.

పెళ్లిరోజు పొద్దున్న నేనే పట్టించాను. పాయలు పాయలుగా తీసి, చెవుల మీద అంటకుండా, నుదుటి దగ్గర పళ్లు తోముకునే బ్రష్షుతో దిద్దుతూ గంటన్నర పట్టింది. చేతి గోళ్లకి మెరూన్ రంగు వేశాను. బామ్మకి గోళ్ల రంగు ఉండదు కాబట్టి అదీ ఆవిడకి కొత్తే. జడ వేసి, పూలు పెట్టి అద్దం ముందు కూర్చోబెట్టాను. పడుచుపిల్లలా ఏమీ లేదు. యాభై మూడేళ్ల మనిషిలా ఉంది, అంతే.

మర్నాడు పొద్దున్న వచ్చి ఫోన్లో ఫోటోలు చూపించింది. అక్కాచెల్లెళ్లు పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరిలో ఎవరు పెద్దో పోల్చుకోవడం తేలిక, ఎవరు తల్లో అని ఎవరూ అడగరు.

"ఎవ్వలు అడగలే చెల్లె" అంది. ఆ ఒక్క మాటా రెండుసార్లు అంది. గోళ్ల రంగు నేను దూదితో తుడిచేస్తే మచ్చ లేకుండా పోయింది. "ఇగ పోయి తలకు వోసుకుంట" అని పైకి వెళ్లింది.

అరగంటకి తల మీద తువ్వాలుతో దిగొచ్చింది. తువ్వాలు తీసింది. నలుపు పోయింది. కానీ జుట్టు తెల్లగా లేదు. వంకాయ రంగులో ఉంది. కుదుళ్ల దగ్గర లేతగా, చివర్లకి ముదురుగా.

"నల్ల నీళ్లు మొత్తం వోయినయ్. గీ రంగు పోతలేదు."

ఏం ఫరవాలేదు అని నా గొంతుకే నమ్మకం లేకుండా చెప్పి, ఆఫీసు నుంచి తెచ్చి ఇంట్లో పోగేసుకున్న షాంపూలన్నీ బయటికి లాగాను. జిడ్డు వదిలించేది, చుండ్రుది, రంగు వేసిన జుట్టుకి వాడకూడదని రాసి ఉన్నది. వాడకూడదన్నదే ముందు వాడాను. ఆ తర్వాత కుంకుడుకాయ, నిమ్మకాయ, పెరుగు, సెనగపిండి. రెండు రోజులు ఆవిడ నా స్నానాలగదిలో పీట మీద తల వంచుకుని కూర్చుంటే నేను రుద్దుతూనే ఉన్నాను. వంకాయ రంగు కాస్తా తుప్పు రంగులోకి దిగింది. అక్కడ ఆగిపోయింది.

అప్పుడు డబ్బా వచ్చిన అట్టపెట్టె వెతికి తీశాను. అడుగున, చీమలు బారుతీరినట్టు ఉన్న అక్షరాల్లో, తెల్లజుట్టు మీద కొంత రంగు మిగిలిపోవచ్చని రాసి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. నా తల మీద ఉన్నది నల్లజుట్టు. దాని మీద వంకాయ రంగు మిగిలితే మాత్రం ఏ అద్దంలో కనిపిస్తుంది? పోయిందో లేదో తెలియడానికి వీల్లేని చోట వేసుకుని, పోయిందని రాశాను. ఎడమా కుడీ అంటూ అంత పద్ధతిగా చేసి ఇంత మామూలు సంగతి తట్టకపోవడం ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆవిడకి ఆ అక్షరాలు చదివి వినిపించాను. దాచాలనిపించలేదు. రెండు రోజులుగా నన్ను ఒక్క మాట కూడా అనని మనిషి అప్పుడు తల పైకెత్తింది.

"నువ్వు చూసినవా చెల్లె? చూస్తె చూసిన అని చెప్పాలె. చూడకుంటె చూడలే అని చెప్పాలె. నేను నిన్ను అడిగిన కదా. ఖాయమేనా అని అడిగిన కదా."

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

షూటింగ్ రోజు సెలవు పెట్టి ఆవిడతో పాటు వెళ్లాను. ఫిల్మ్‌నగర్‌లో షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళా. బయట గోడ మీద ఆ వారం ఏ సీరియలు నడిస్తే ఆ ఇంటిపేరు బోర్డు మారుస్తుంటారు. లోపల హాల్లో ఎప్పుడూ ఎవరూ కూర్చోని సోఫాలు, ఎవరూ ఎక్కని మెట్లు. అక్క తల మీది కొంగు తీయగానే హెయిర్ డ్రెస్సర్ "అయ్యో ఏంటమ్మా ఇది" అని ఫోన్ తీసి పోయినసారి ఫోటో పక్కన పెట్టి చూసింది. ఒక సీనుకీ ఇంకో సీనుకీ మనిషి ఒకేలా ఉండాలి, వాళ్లు దాన్ని కంటిన్యుటీ అంటారు. జుట్టు వరకూ ఆ పని చూసుకునేది హెయిర్ డ్రెస్సరే. తెల్లరంగు స్ప్రే కొట్టి చూసింది. మామూలు వెలుతుర్లో ఫరవాలేదు. లైటు వేసి మానిటర్లో చూస్తే తల పిండిలో ముంచినట్టుంది, పాపిడి దగ్గర తుప్పు రంగు అలాగే కనిపిస్తోంది. విగ్గు పెట్టారు. బామ్మ కాస్తా నాటకంలో ముసలమ్మలా తయారైంది.

డైరెక్టరు పెద్దాయన, కేకలేసే రకం కాదు. నాకు అదే ఇంకా భయమేసింది. నెమ్మదిగా, "ఇలా చేశారేంటమ్మా" అన్నాడు. నేను ముందుకొచ్చి, తప్పు నాది, నేనే వేశాను, కడిగితే పోతుందని నేనే చెప్పాను అన్నాను. ఆయన నా వైపు చూసి తల ఊపాడు కానీ అది ఆయనకి పనికొచ్చే సమాచారం కాదు. సీరియలు మేనేజరు ఆయన పక్కకొచ్చి, ఇంకొకావిడ ఉన్నారు సార్, తెల్లజుట్టే, కృష్ణానగర్‌లోనే ఉంటారు, మధ్యాహ్నానికి పిలిపించమంటారా అని అడిగాడు. గొంతు తగ్గించి కూడా అడగలేదు. అక్క అక్కడే నిలబడి వింటోంది.

"సార్" అంది అక్క. "గుండు చేయించుకుంటా."

డైలాగు చెప్పినట్టే, మా గోదావరి యాసలో చెప్పింది. "బామ్మ ఊరికి వెళ్లలేదు, దారిలో తిరుపతికి వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చిందని పెట్టండి సార్. మనవరాలి నిశ్చితార్థం కోసం మొక్కుకుందని పెట్టండి."

నేను "అక్కా" అని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. డైరెక్టరు రచయితకి ఫోన్ చేసి బాల్కనీలోకి వెళ్లి కాసేపు మాట్లాడి వచ్చాడు. బాగుంటుంది అన్నాడు. ఎపిసోడ్ నిండా ఏడుపులు పెట్టొచ్చన్నాడు. కానీ మేనేజరు వదల్లేదు.

"సార్, గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా, నల్లగా వస్తుందంటారు కదా. నల్లగా వస్తే నెల తిరక్కుండా మళ్లీ ఇదే గొడవ."

అక్క నా వైపు తిరిగింది. "ఈమెను అడగండి సార్. జుట్ల మీద రాసేది ఈమెనే."

అందరూ నన్ను చూశారు. తెల్లగానే వస్తుందని నాకు తెలుసు, అంటే చదివాను. గుండు చేసినంత మాత్రాన రంగు మారదని రాసి కూడా ఉన్నాను. తెల్లగానే వస్తుందని ఒక్కమాట గట్టిగా చెబితే ఆవిడ వేషం నిలబడుతుంది. నోటి దాకా వచ్చింది.

"తెల్లగానే వస్తుందని చదివానండీ. నేనైతే చూడలేదు" అన్నాను.

అక్క మొహంలో రంగు మారడం చూశాను. చూడలేదని చెప్పాలె అన్నది ఆవిడే, కానీ ఆ మాట అక్కడ, ఆ వేళ చెప్పమని కాదు. డైరెక్టరు నిట్టూర్చి, సరే, ఎల్లుండి నుంచి రెండు రోజులు గుండుతో తీసేద్దాం, తర్వాత షెడ్యూల్‌కి మూడు వారాలు టైముంది, తెల్లగా వస్తే ఈవిడే చేస్తారు, నల్లగా వస్తే వేరే ఆవిడని చూసుకోండి అని మేనేజరుకి చెప్పి వెళ్లిపోయాడు.

బంగళాలోనే మంగలిని పిలిపిస్తామన్నారు. అక్క ఒప్పుకోలేదు. "దేవుని పేరు జెప్పి ఉత్తగ గుండు చేయించుకుంటె ఆయనతోని ఎకసక్కెమైతది" అంది. సీరియల్లో తిరుపతి అయినా, మాకున్న ఒక్క రోజులో వెళ్లగలిగింది యాదగిరిగుట్టకి. మర్నాడు తెల్లారగానే బస్సెక్కాం. దారి పొడుగునా ఆవిడ నాతో మాట్లాడలేదు. నేనూ గుండు చేయించుకుంటానని నసిగాను. "నీ తలకాయ నేనేం జేసుకుంట" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కత్తి పెట్టేముందు కళ్లు మూసుకుని చాలాసేపు దణ్ణం పెట్టుకుంది. తుప్పు రంగు పాయలు ఒక్కొక్కటే ఒళ్లో రాలుతుంటే నేను పక్కన నిలబడి ఏడుస్తున్నాను. ఆవిడ ఒక కన్ను తెరిచి చూసి, అప్పుడు, రెండు రోజుల తర్వాత, మామూలుగా మాట్లాడింది.

"ఏం మొక్కిన్నో ఎర్కేనా? తెల్లగ రావాలె స్వామీ అని మొక్కిన. గుట్ట మీద ఎవ్వలన్న గిట్ల మొక్కుతరా? ఆయన గూడ పరేషాన్ అయి ఉంటడు."

నేను ఏడుస్తూనే నవ్వాను. మంగలి కూడా నవ్వాడు.

ఆ రెండు రోజుల షూటింగూ బాగా జరిగింది. నేను మాత్రం ఆఫీసులో నా వ్యాసం తెరిచి పైనే, "దీన్ని నేను నల్లజుట్టు మీద మాత్రమే పరీక్షించాను, తెల్లజుట్టు మీద మరక మిగులుతుంది" అని రాశాను. కంపెనీవాళ్లు ఏమంటారో అని ఎడిటరమ్మ ఒంటికాలి మీద లేచింది. ఏమన్నా నేను తీయనన్నాను. చివరికి ఆవిడే తగ్గింది. చివర్లో ఉండే నా గర్వం మాటలు మాత్రం నేనే తీసేశాను.

ఇక ఆ మూడు వారాలూ ఎలా గడిచాయో మాకే తెలుసు. మొదటి వారం తల నీలంగా, బూడిదగా కనిపించింది తప్ప ఏ రంగో తెలియలేదు. అక్క తల మీద గుడ్డ కట్టుకుని తిరిగేది. అద్దం గోడవైపు తిప్పి పెట్టేసింది. మెట్ల మీద ఎదురైన ఇంటావిడ, గుండు తర్వాత మీకు నల్లగా వస్తుంది చూడండి అని ఆశీర్వదించినట్టు చెబితే, అక్క ఊ అని మెట్లెక్కేసింది. నేను చూస్తానన్నా చూడనివ్వలేదు. "వచ్చినంక చూద్దువు" అనేది.

మూడో వారం చివర ఆదివారం పొద్దున్న మేనేజరు ఫోన్ చేసి, ఫోటో తీసి పంపమన్నాడు. అక్క నన్ను మేడ మీదికి పిలిచింది. ప్లాస్టిక్ కుర్చీ ఎండలో వేసుకుని కూర్చుని, గుడ్డ విప్పింది.

"జర చూడు చెల్లె. నిజం చెప్పు."

ఈసారి నేను తొందరపడలేదు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాను. నుదుటి దగ్గర మొదలుపెట్టి, వేళ్లతో చిన్న చిన్న వెంట్రుకలని ఒత్తి, నడినెత్తి, చెవుల పక్కన, మెడ వెనక, అంగుళం అంగుళం చూశాను. ఆవిడ చేతులు ఒళ్లో బిగించుకుని కూర్చుంది.

"తెల్లగానే వస్తోందక్కా."

"ఎండకు గట్ల కనవడుతున్నదేమో. నీడల చూడు."

కుర్చీ నీళ్ల ట్యాంకు నీడలోకి జరిపి మళ్లీ చూశాను.

"నీడలో కూడా తెల్లగానే ఉంది. నేను చూశాను."

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "బతికిచ్చిండు" అంది. నేను ఫోటో తీసి పంపాను. రెండు నిమిషాల్లో సరే, బుధవారం రమ్మని జవాబొచ్చింది. అది చదివి వినిపించాను. టీ పెట్టుకొస్తానని మెట్లవైపు నడిచాను.

"చెల్లె" అని పిలిచింది. వెనక్కి చూశాను. గుడ్డ ఇంకా కట్టుకోలేదు. అరచేత్తో తల మెల్లగా తడుముకుంటూ అలాగే కూర్చుని ఉంది.

"ఒక్కటన్న నల్లగ లేదా?"

నాకు జవాబు తెలుసు. అయినా వెనక్కి వచ్చి, కుర్చీ మళ్లీ ఎండలోకి జరిపి, చెవి వెనక నుంచి మొదలుపెట్టి వెతకసాగాను.